రెండో దెబ్బ

ఇటు జరుగు మమతా. ఇంకొంచెం దగ్గరికి రా. ఆ ఫోను బోర్లా పెట్టి కాళ్ళు చాపుకుని కూర్చో. ఇది గట్టిగా అరిచి చెప్పే సంగతి కాదు, అలాగని దాచుకునేదీ కాదు. మీ తాత వాకిట్లో ఉన్నాడు. వింటే విననీ.

పోయిన ఎండాకాలం నీ తమ్ముడు పుట్టినప్పుడు నువ్వూ మీ అమ్మా మంచిర్యాలలో మీ అమ్మమ్మ దగ్గర ఉన్నారు. తాతకు షుగరు పడిపోయింది, దవాఖానకు తీసుకుపోయాం, బాగానే ఉన్నాడు అని నీకు ఫోన్లో చెప్పారు. అంతే చెప్పారు. మిగిలిందంతా నా కడుపులోనే ఉండిపోయింది. ఆ మిగిలిందే అసలు కథ.

మన గోదావరిఖని ఎండ నీకు తెలియనిదా? పైన సూర్యుడు, కింద బొగ్గు, మధ్యలో మనం పెనం మీద రొట్టెల్లా కాలుతుంటాం. ఆ ఏడు మరీ పగబట్టినట్టు కాచింది. కాకులు కూడా నీడ వదిలి కదిలేవి కావు. మీ నాన్నకు ఓపెన్‌కాస్టు గనిలో డంపరు తోలే డ్యూటీ. షిఫ్టు నుంచి వచ్చి కూలర్ ముందు పడ్డాడంటే మళ్ళీ షిఫ్టుకే లేచేవాడు. ఇక క్వార్టర్లో మిగిలింది నేను, మీ తాత, ఫ్రిజ్‌లో ఆ మందు సీసా.

మీ తాత కళ్ళను షుగరు తినేసిందని నీకు తెలుసు కదా. ఎదుట మనిషి నిలబడ్డారని తెలుస్తుంది, ఎవరో తెలియదు. నా కళ్ళకేమో పొర కమ్మింది. వానలు పడ్డాక ఆపరేషను చేద్దామన్నారు. సరిగ్గా అప్పుడే డాక్టరు మధ్యాహ్నం అన్నానికి ముందు కూడా ఇన్సులిన్ వేసుకోవాలని రాశాడు. గుడ్డివాడికి సగం గుడ్డిది సూది వేయాలన్న మాట.

సిరంజి మీద గీతలు చూశావా ఎప్పుడైనా? చీమకాళ్ళు నయం. మీ నాన్న ఎక్కడో వెతికి, సిరంజికి తగిలించుకునే చిన్న భూతద్దం తెచ్చాడు. మంచి వస్తువే. మంచి కళ్ళున్న వాళ్ళకు ఇంకా మంచిది. పొర కమ్మిన కంటికి మాత్రం గీత పెద్దదవుతుంది కానీ తేటపడదు. ఒకటి రెండై ఊగుతుంది. నాకు వచ్చిన చదువు ఒక్కటే: ఒక గీత తక్కువైతే మెల్లమెల్లగా కాళ్ళూ కళ్ళూ పోతాయి, ఎక్కువైతే మనిషే పోతాడు. ఆ చదువుతో రోజూ సిరంజిని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకునేదాన్ని. చంకల్లోంచి చెమట కారిపోయేది.

"ఎన్ని పోసినవే?" అనేవాడు మీ తాత, బనీను పైకెత్తి.

"పన్నెండు."

"పన్నెండు సూసినవా, పన్నెండు అనుకున్నవా?"

"సూసిన."

"మరి చెయ్యెందుకు గంత వణుకుతాంది? సూది నాకు గుచ్చుతవా, గోడకు గుచ్చుతవా?"

ఆయన నవ్వేవాడు. నాకు నవ్వు వచ్చేది కాదు. పక్క క్వార్టరు ఐలవ్వను పిలిచి గీత చూడమనేదాన్ని. ఆమెకు సూదంటేనే కళ్ళు తిరుగుతాయి. గడప అవతలే నిలబడి, కొంగు అడ్డం పెట్టుకుని, ఒక కన్ను సగం తెరిచి, "పన్నెండే, పోశక్కా, పన్నెండే, జల్ది పొడిచెయ్యి" అనేది. ఆ సగం కంటిని నమ్ముకుని నేను పొడవాలి. పొడిచాక ఆయన అన్నం తిని పడుకుంటే, ఛాతీ లేచి పడుతోందా లేదా అని చూస్తూ కూర్చునేదాన్ని. నిద్రపోయే మనిషి పక్కన కూర్చుని భయపడటమంత కష్టం ఇంకోటి లేదు బిడ్డా. లేపితే తిడతాడు, లేపకపోతే ప్రాణం ఆగదు.

ఒకరోజు కంపెనీ దవాఖానలో ఆ సిస్టరు పిల్ల కృష్ణప్రియ నా చేతులు చూసింది. వాళ్ళది కోస్తా, వాళ్ళ నాన్న ఏదో ఆఫీసరై ఇటు వచ్చాడు. మాట తీయగా ఉంటుంది. "పిన్నిగారూ, ఇంత భయపడుతూ ఎన్నాళ్ళు వేస్తారండీ? ఉండండి" అని లోపలికి వెళ్ళి పెన్ను లాంటిది ఒకటి తెచ్చి మీ తాత చేతిలో పెట్టింది.

"ఇది ఇన్సులిన్ పెన్నండి బాబాయిగారూ. మందు లోపలే ఉంటుంది. సీసాలూ సిరంజీలూ అక్కర్లేదు. ఈ వెనక మూత తిప్పండి. ఒక్కో యూనిట్‌కీ ఒక్కో టిక్కు. వినపడుతోందా?"

టిక్. టిక్. టిక్.

"మల్ల తిప్పు బిడ్డా," అన్నాడు మీ తాత. తల ఒకవైపు వంచి, నోరు కొద్దిగా తెరిచి వింటున్నాడు. ఆ ముఖం నేను చాలా ఏళ్ళ తరవాత చూశాను.

"అలాగని శబ్దం ఒక్కటే నమ్మకండి," అంది కృష్ణప్రియ. "వెనక్కి తిప్పినా టిక్కుమంటుంది. ఇక్కడ చిన్న కిటికీలో అంకె పడుతుంది. కళ్ళున్న వాళ్ళెవరైనా అది చూశాకే నొక్కాలి. అంకె పెద్దదే, పిన్నిగారికి కనపడుతుంది. ప్రతిసారీ కొత్త సూది. వేసుకున్నాక అన్నం ఆలస్యం చేయకూడదు."

"సప్పుడు ఇనుడు నాకు నేర్పుతున్నవా బిడ్డా?" అని నవ్వాడాయన. "నా పానం గా సప్పుడు మీదనే దక్కింది."

ఆయన మాటకు అర్థం ఏమిటో నీకు చెప్పాలి. నువ్వు పుట్టేసరికే ఆయన డ్యూటీ దిగిపోయాడు. భూగర్భ గనిలో మీ తాతది సపోర్టు పని. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టేవాళ్ళు. అక్కడ దీపం వెలుగులో ఏం కనబడుతుంది? కర్రతో పైకప్పును కొట్టి, చెవితో చూడాలి. ఖంగుమంటే గట్టిది. డొల్ల చప్పుడు వస్తే వెనక్కి రావాలి. షిఫ్టు మీద పెద్ద సర్దార్, ఆయన పేరు పెట్టి పిలిస్తే ఎవరైనా బయటికి రావాల్సిందే. ఆయన జతగాడు రఘుపతి ఒకసారి కొట్టాడు. చప్పుడు బాగానే ఉందని లోపలికి అడుగు పెట్టాడు. పైకప్పు కూలి, మళ్ళీ ప్రాణంతో బయటికి రాలేదు. ఆ రోజు నుంచి మీ తాతకు ఒకటే నియమం. ఏ మాత్రం అనుమానం ఉన్నా ఇంకోసారి కొట్టి చూడటం. రెండో దెబ్బకు బద్ధకిస్తే మనిషి మిగలడు అనేవాడు. డ్యూటీ దిగినా నియమం దిగలేదు. తలుపు గడియ వేసి ఇంకోసారి లాగి చూస్తాడు. గ్యాసు ఆపి మళ్ళీ తడిమి చూస్తాడు. మనమంతా ఎగతాళి చేసేవాళ్ళం కదా.

పెన్ను వచ్చాక ఇంట్లో గాలి మారింది. మీ తాత పీట వేసుకుని కూర్చుని, చెవి దగ్గర పెట్టుకుని తిప్పేవాడు. పన్నెండో టిక్కు దగ్గర ఆపి నా వైపు చాచేవాడు. నేను కిటికీలో అంకె చూసి "అవ్" అనాలి. ఒక్కసారైనా తప్పాడా? లేదు. ఆయనే నొక్కుకునేవాడు, సూది ఆయనే తీసి డబ్బాలో వేసేవాడు.

"సూసినవా ఐలవ్వా, మా ఇంటామె ఉద్యోగం ఊడింది," అనేవాడు.

"ఊడితే మంచిదాయె బిక్షమన్నా. గా వణుకు సూసి నీకంటె ముందు నేను పోతుంటి," అనేది ఐలవ్వ.

నా చేతుల్లో వణుకు ఆగింది. కానీ మమతా, భయం ఇల్లు ఖాళీ చేయలేదు, గది మారింది అంతే. ఇదివరకు నా చెయ్యి తప్పుతుందేమోనని భయం. ఇప్పుడు ఆయన ధీమా చూస్తే భయం. నేను అంకె చూసేలోపే నొక్కబోయేవాడు. "పన్నెండు మోగినయ్, ఇంక సూసుడేంది?" అని విసుక్కునేవాడు.

ఆ రోజు నల్లా ఆలస్యంగా వచ్చింది. ఎండాకాలం నీళ్ళ సంగతి తెలుసు కదా, వచ్చినప్పుడు పోకపోతే మళ్ళీ రేపే. ఆయన కంచంలో అన్నం పెట్టి, పైన మూత పెట్టి, "నేనొచ్చెదాక మందు వేసుకోకు. రెండు బిందెలు పట్టుకోని వస్త" అని చెప్పి వెళ్ళాను. "పో పో, నేను పసిపోరన్నా?" అన్నాడు.

నల్లా దగ్గర ఉండగానే ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ జరిగింది. రోజూ జరిగేదే. సైరన్ మోగుతుంది, తరవాత కాళ్ళ కింద నేల ఒకసారి గుండెలా కొట్టుకుంటుంది, కిటికీ రెక్కలు దడదడలాడతాయి, అటక మీది గిన్నెలు ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. నల్లా దగ్గర ఆడవాళ్ళు మాట కూడా ఆపలేదు. ఎవరి వంతు అన్న పంచాయితీ నడుస్తూనే ఉంది. నా వంతు వచ్చేసరికి చాలాసేపు పట్టింది, బిందెలు నింపుకుని నిదానంగా ఇంటికి వచ్చాను.

గడప దాటుతుంటే చప్పుడు వినబడింది. ఠంగ్. కాసేపాగి, మళ్ళీ ఠంగ్.

మీ తాత వంటగది గోడకు ఆనుకుని కింద కూర్చుని ఉన్నాడు. చేతికర్ర పైకెత్తి గోడను కొడుతున్నాడు. కొట్టి, తల వంచి వింటున్నాడు. బనీను పిండితే నీళ్ళు కారేలా ఉంది. కంచం మీద మూత తీయలేదు. పెన్ను పక్కన పడి ఉంది. దాని పక్కన వాడి తీసిన సూదులు. ఒకటి కాదు, రెండు.

బిందె నా చంకలోంచి ఎప్పుడు జారిందో నాకు తెలియదు.

"ఏమయ్యా! ఏమైంది? రెండుసార్లు వేసుకున్నవా?"

"లైటు ముఖం మీద కొట్టకు," అన్నాడు కళ్ళు చిట్లించి. ఇంట్లో లైటే లేదు, కరెంటు పోయి ఉంది. "సప్పుడు సక్కగ లేదు. డొల్లగుంది. మీరంత బయటికి పోండ్రి."

"నేను పోశవ్వను. ఇటు సూడు."

"రఘుపతి లోపలున్నడు," అన్నాడు.

నా ఒళ్ళంతా చల్లబడింది. చేతులు పట్టుకుంటే ఆయనవి నాకంటే చల్లగా ఉన్నాయి. చక్కెర డబ్బా కోసం లేచాను. మూత రాదు. పళ్ళతో లాగాను. గ్లాసులో సగం చక్కెర, సగం నేల మీద. నీళ్ళు పోసి వేలితోనే కలిపి నోటి దగ్గర పెట్టాను. పళ్ళు బిగబట్టాడు. ఇంకాస్త ఒత్తితే చేత్తో ఒక్క తోపు. గ్లాసు ఎగిరి తలుపుకు తగిలింది. నలభై ఏళ్ళ కాపురంలో నా మీద చెయ్యి ఎత్తని మనిషి.

బిందె పడ్డ చప్పుడుకు ఐలవ్వ పరిగెత్తుకొచ్చింది. ఈసారి కొంగు అడ్డం పెట్టుకోలేదు. "అన్నా, బిక్షమన్నా, జర తాగే! నీ కాళ్ళు మొక్కుత!" అని ఏడ్చింది. ఆయన ఆమె వైపు చూడనైనా లేదు. తల ఊగిపోతోంది. కర్ర ఎత్తబోతే చెయ్యి సగంలోనే పడిపోతోంది. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయొద్దని కృష్ణప్రియ చెప్పింది నాకు గుర్తుంది. పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందట. అంటే ఆ స్పృహ ఉన్నంతసేపే నాకు గడువు. అది ఎంతసేపో ఎవరు చెప్పాలి?

"ఐలవ్వా, మా కొడుకు సంపత్‌కు ఫోన్ చెయ్యి. ఆటో పట్టుకరా. ఉరుకు," అన్నాను. ఆమె ఉరికింది.

మళ్ళీ గ్లాసు నింపాను. ఎదురుగా కూర్చున్నాను. "ఏమయ్యా, సంపత్ నాయినా, నా మాట ఇను" అని ఎన్ని విధాలుగా బతిమాలానో. ఆయన ఉన్న చోటికి నా మాట చేరడం లేదు. ఆయన ఇంట్లో లేడు కదా. ఆయన గనిలో ఉన్నాడు. గనిలోకి నన్నెవరు రానిస్తారు?

అప్పుడు నేను లేచి నిలబడ్డాను. కొంగు నడుముకు చుట్టి, గొంతు ఎంత లావు చేయగలనో అంత లావు చేసి,

"ఏయ్ బిక్షం!" అన్నాను.

మా వైపు ఆడవాళ్ళం పెనిమిటి పేరు పలకం. ఓటరు స్లిప్పు దగ్గర కూడా పక్కవాళ్ళ చేత చెప్పిస్తాం. నా పెదవుల మీద ఆ పేరు అదే మొదలు.

ఆయన కర్ర ఆగింది. "ఎవరు?"

"సర్దార్‌ను. ఏం జేస్తున్నవ్ లోపట?"

"రూఫ్ మంచిగ లేదు సార్. రఘుపతి..."

"రఘుపతి బయటికొచ్చిండు."

తల ఎత్తాడు. ఆ చూపు లేని కళ్ళు నా మీదే నిలబెట్టాడు. "వచ్చిండా? ఎప్పుడు?"

"ఇప్పుడే. పైన క్యాంటీన్ల కూసున్నడు."

"దెబ్బ తాకలేదా?"

"తాకలే. నీ కోసమే సూస్తుండు. గీ చాయ్ తాగి బయటికి రా. షిఫ్టు అయిపోయింది."

గ్లాసు పెదవులకు ఆనించాను. తాగాడు బిడ్డా. గుటకలు గుటకలుగా అడుగు దాకా తాగి, కింద మిగిలిన చక్కెరను వేలితో తీసి పెడితే అదీ చప్పరించాడు. ఇంకో గ్లాసు ఇచ్చాను. అదీ తాగాడు. తాగి గోడకు తల ఆనించి ఏడ్చాడు. ఎందుకో నేను అడగలేదు. చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆ చేతిలోకి వెచ్చదనం ఎప్పుడు వస్తుందా అని వేళ్ళు ఒక్కొక్కటే ఒత్తి చూస్తున్నాను. ఐలవ్వ ఆటోతో వచ్చేసరికి ఆయన నా వైపు తిరిగి, "పోశవ్వా, నీళ్ళు ఒలికినయేందే ఇంట్ల?" అన్నాడు. ఆ మాట విన్నాకే నేను ఆయన చెయ్యి వదిలాను.

దవాఖానలో చేతికి గ్లూకోజు ఎక్కించి, గంటగంటకూ వేలి చుక్క చూశారు. మీ నాన్న డ్యూటీ బట్టలతోనే వచ్చాడు. ముఖం నిండా బొగ్గు దుమ్ము. తండ్రి నిమ్మళంగా ఉన్నాడని తెలిశాక కోపం వచ్చింది.

"రెండుసార్లు ఎందుకేసుకున్నవ్ నాయినా?"

మీ తాత పైకప్పు వైపు ముఖం పెట్టి చెప్పాడు. "నొక్కుతున్నప్పుడే బ్లాస్టింగ్ అయింది. ఇల్లంత అదిరింది. నా చెయ్యి గుంజుకున్నది. నొక్కితె వచ్చే టిక్కులు ఇనవడలే. కడుపు తడిమితే తడిగ ఉండె. చెమటనో, మందు కారిందో తెల్వలే. అనుమానమైంది."

"అనుమానమైతే?"

"అనుమానమైతే రెండోసారి కొట్టి సూడాలె గదరా."

"ఇది రూఫ్ కాదు నాయినా!" అని మీ నాన్న అరిచాడు. వార్డులో అందరూ తిరిగి చూశారు.

కృష్ణప్రియ వచ్చి మంచం అంచున కూర్చుంది. "అరవకండి అన్నగారూ. బాబాయిగారూ, వినండి. పడిందో లేదో తెలియకపోతే మళ్ళీ వేసుకోకండి. వేలి చుక్క చూసుకోండి, మనిషిని పిలవండి, మాకు ఫోన్ చేయండి. ఒక పూట తక్కువైతే మేం సర్దగలం. ఎక్కువైనది వెనక్కి లాగలేం."

ఆమె వెళ్ళాక నా చెవి దగ్గర, "నేనేమన్న మాట్లాడిన్నా ఇంటికాడ?" అని అడిగాడు.

"ఏం మాట్లాడలే," అన్నాను.

"ఏడ్సిన్నా?"

"లేదు."

"ఎవలకు చెప్పకు," అన్నాడు.

ఇంటికి వచ్చాక మొదలైంది అసలు భయం. ఇదివరకు భయం నా ఒక్కదానిది. ఇప్పుడు ఇల్లంతా పరుచుకుంది. మీ నాన్న పెన్ను తన దగ్గరే పెట్టుకుంటానన్నాడు. తన షిఫ్టు ఉన్నప్పుడు ఎలా అంటే పెన్ను తిరిగి నా చేతిలో పెట్టాడు. మీ తాత మందు వేసుకునే వేళకు ముందు రేడియో కట్టేసేవాడు. వేసుకున్నాక లేచి తిరిగేవాడు కాదు, మంచం పట్టె పట్టుకుని కూర్చునేవాడు. నేను పది సార్లు నుదురు ముట్టుకునేదాన్ని. కొంచెం చెమట తగిలితే చాలు, చక్కెర డబ్బా చేతిలోకి వచ్చేది. ఆ ఎండల్లో ఎవరికి చెమట పట్టదు చెప్పు?

ఒక మధ్యాహ్నం పన్నెండు టిక్కులు తిప్పి నాకు చూపించాడు. "అవ్" అన్నాను. పెన్ను కడుపుకు ఆనించాడు. బొటనవేలు మీట మీద ఉంది. నొక్కడం లేదు. సైరన్ మోగలేదు, బ్లాస్టింగ్ వేళ కూడా కాదు. పెన్ను ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అయితలేదే," అన్నాడు.

"ఏమైతలేదు?"

"భయమైతాంది."

గనికి పోయే మగవాళ్ళు ఆ మాట అనరు మమతా. దిగేటప్పుడు అనరు, ఎక్కినాక అనరు. రఘుపతిని మట్టి చేసి వచ్చిన రోజు కూడా ఆయన అనలేదు, మర్నాడు మస్టరు వేయించుకుని గనిలోకి దిగాడు.

"నాకు సుత అయితాంది," అన్నాను.

ఆయనే మళ్ళీ అన్నాడు. "నాకు అనుమానం రాకుంట ఎట్లుంటది? బతికినన్ని రోజులు వస్తది. అనుమానమొస్తె చెయ్యి ఆగదు. అలవాటైపోయింది."

"చెయ్యి ఆగకపోతె సూది లేకుంట చేద్దాం," అన్నాను. ఆలోచించి అన్నది కాదు, నోట్లోంచి అలా వచ్చేసింది. ఆయన తల ఎత్తాడు.

ఆ రోజు నుంచి సూదుల డబ్బా బీరువాలోకి పోయింది. పూటకు ఒక్క సూది, మూత తీయనిది, నా కొంగున కట్టుకుంటాను. మందు వేళకు ముడి విప్పి ఇస్తాను. ఆయన బిగించుకుంటాడు, తిప్పుతాడు, వింటాడు, నేను అంకె చూస్తాను, ఆయన నొక్కుకుంటాడు. నొక్కాక ఆ సూది తీసి నా చేతిలో పెట్టాలి. ఇంట్లో ఇంకో సూది ఆయన చేతికి అందదు. అనుమానం వస్తే రానీ, ఏం చేస్తుంది? పిలవాల్సిందే. పిలిస్తే చుక్క చూస్తాం, అంతే.

"నువ్వు బజారుకు పోయి ఆటోల ఇరుక్కుంటె నేను ఎండిపోవాల్నా?" అని మొదట్లో గునిసేవాడు.

"ఎండితె ఎండు. పోకు," అనేదాన్ని.

ఐలవ్వ పకపకా నవ్వింది. "అత్తలు తాళంచేతులు కట్టుకుంటరని ఇన్న గని, సూదులు కట్టుకునుడు నీ దగ్గర్నే సూసిన పోశక్కా!"

మొదటి వాన పడ్డ తరవాత మందు తెచ్చుకోవడానికి ఇద్దరం దవాఖానకు వెళ్ళాం. వరసలో మా ముందు ఒక పెద్దాయన, అద్దాలు సీసా అడుగంత మందం. కృష్ణప్రియ ఆయనకు పెన్ను చూపిస్తోంది. టిక్. టిక్. టిక్.

"ఇనవడ్తాంది బిడ్డా, మస్తుగ ఇనవడ్తాంది. ఇంక అంకె ఎందుకు?" అన్నాడా పెద్దాయన.

నా భుజం మీద ఉన్న మీ తాత చెయ్యి బిగుసుకుంది. ఆ చెయ్యి నన్ను ముందుకు నెట్టింది.

"అన్నా, నువ్వు ఏ పని జేసినవ్ గనిల?" అన్నాడాయన.

"సపోర్టు. ఎందుకే?"

"రూఫ్ ఎన్నిసార్లు కొడ్తుంటివి?"

పెద్దాయన నవ్వాడు. "గదేం ప్రశ్న? ఒకసారి కొట్టి నమ్మినోడు బతుకుతడా?"

"గందుకే అడిగిన," అన్నాడు మీ తాత. "జర కూసో. నీకొక ముచ్చట చెప్త."

అందరి ముందూ చెప్పాడు మమతా. బ్లాస్టింగ్ చెప్పాడు, తడి కడుపు చెప్పాడు, రెండో సూది చెప్పాడు. నేను తల వంచుకుని నేల చూస్తున్నాను. ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకున్న మనిషి, ఆపకుండా చెబుతున్నాడు. గోడను కర్రతో కొట్టానని చెప్పాడు. రఘుపతి లోపల ఉన్నాడని రానన్నానని చెప్పాడు. వరస కదలడం లేదు, ఎవరూ తొందరపెట్టడం లేదు.

"మరెట్ల బయటవడ్డవే?" అన్నాడు పెద్దాయన.

"సర్దార్ పిలిచిండు," అన్నాడు మీ తాత. నా భుజం తట్టి, "గీమెనే సర్దార్. పేరు పెట్టి పిలిచింది నన్ను," అన్నాడు.

ఆయనకు అన్నీ గుర్తున్నాయి. ఎండాకాలమంతా గుర్తున్నాయి. నేనేమో ఏమీ మాట్లాడలేదని, ఏడ్వలేదని అబద్ధం చెబుతూ వచ్చాను. ఆయనేమో నా అబద్ధాన్ని నమ్మినట్టు ఊరుకుంటూ వచ్చాడు. "రఘుపతి బయటికొచ్చిండు" అన్న నా మాటను ఆయన ఏ మూల దాచుకున్నాడో నేను ఈ రోజు దాకా అడగలేదు. నువ్వు కూడా అడగకు.

కానీ మిగిలిందంతా నీదే ఇక. నువ్వు చదువుకు ఏ ఊరు పోతావో, ఎవరింట్లో ఉంటావో. ఇలాంటి పెన్ను ఎవరి చేతిలోనైనా కనబడితే, ముఖ్యంగా కళ్ళు ఆనని వాళ్ళ చేతిలో, పక్కన కూర్చుని ఈ ముచ్చట చెప్పు. బిక్షం అని మీ తాత పేరు పెట్టే చెప్పు, ఆయన ఏమీ అనుకోడు. పడిందో లేదో తెలియకపోతే మళ్ళీ పొడుచుకోవద్దని, మనిషిని పిలవమని చెప్పు. రఘుపతి పేరు కూడా మరిచిపోకు. ఆయనను తలచుకునే వాళ్ళు ఇప్పుడు ఈ ఖనిలో ఎక్కువ మంది లేరు. నీ తమ్ముడికి మాటలు రానీ, మొదట వాడికి చెప్పు.